రాయగడ నుంచి బ్లూస్: వారం వారం రేడియో కార్యక్రమం ఎలా నడపాలి

బ్లూస్ అంటే అమెరికా దక్షిణాదిలో నల్లజాతివాళ్ల మధ్య పుట్టిన పాట. అది వినడానికి ఇంగ్లీషు రావక్కర్లేదు. పాట మొదలయ్యే ముందు ‘ఇదిగో, ఈ చోట చెవి పెట్టండి’ అని ఒక్క ముక్క చెప్పే మనిషి ఉంటే చాలు. ఆ మనిషి మీరే కావాలనుకుంటే ఇది మీకోసమే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం లాంటి ఊళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. అంటే బళ్లో ఒడియా చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే మనవాళ్ల కోసం. వినేవాళ్ల చెవిని సిద్ధం చేయడం, తర్వాత పాటకి అడ్డు తప్పుకోవడం, వ్యాఖ్యాత పని ఈ రెండే. కింద చెప్పేదంతా ఆ రెండు పనుల కోసమే.

ముందు వేళ, తర్వాతే పాటలు

చాలామంది పాటల పట్టికతో మొదలుపెడతారు. మీరు గడియారంతో మొదలుపెట్టండి. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని హెలెనా అనే చిన్న ఊళ్లో, కేఎఫ్ఎఫ్ఏ స్టేషన్ 1941 నవంబరు 21న ‘కింగ్ బిస్కిట్ టైమ్’ అనే బ్లూస్ కార్యక్రమం ప్రారంభించింది. ఖర్చు భరించింది ఒక పిండి వ్యాపారి. హార్మోనికా (మౌత్ ఆర్గాన్) వాయించే సన్నీ బాయ్ విలియమ్సన్, గిటారిస్టు రాబర్ట్ లాక్‌వుడ్ జూనియర్ స్టూడియోలో కూర్చుని అక్కడికక్కడే వాయించేవారు. ప్రసారం మధ్యాహ్నం 12:15కి. చుట్టుపక్కల పత్తిచేలల్లో పనిచేసే నల్లజాతి కూలీలు భోజనానికి ఆగే వేళ అది. సన్నీ పేన్ అనే ఆయన 1951 నుంచి 2018లో కన్నుమూసేదాకా ఆ కార్యక్రమాన్ని నడిపారు. కూలీల భోజనం వేళ చూసుకుని పెట్టిన కార్యక్రమం అన్ని దశాబ్దాలు నిలబడింది.

మీ శ్రోతలు ఏ వేళకి చేతులు కడుక్కుని కూర్చుంటారో కనుక్కోండి. జేకేపూర్ కాగితం మిల్లులోనో తేరుబలి ఫెర్రో కర్మాగారంలోనో పనిచేసేవాళ్లుంటే షిఫ్టు ఎప్పుడు మారుతుందో అడగండి. కిరాణా కొట్ల వాళ్లు కట్టేసే టైము అడగండి. నన్నడిగితే ఆదివారం రాత్రి తొమ్మిది మంచిది. ఆ రోజు టీవీ సీరియళ్లు తక్కువ, కొట్లు తొందరగా కట్టేస్తారు, మర్నాడు పనికి పోవాలన్న బెంగ కూడా కొంచెం ఉంటుంది. ఆ బెంగ ఉన్న చెవికి బ్లూస్ తొందరగా ఎక్కుతుంది.

వేళ కుదిరాక దాన్ని కదపకండి. పండగొచ్చినా, మీకు జ్వరమొచ్చినా ఆ గంటకి మీ గొంతు వినపడాలి. అందుకని మొదటి ప్రసారానికి ముందే రెండు వారాల కార్యక్రమాలు పూర్తిగా రికార్డు చేసి పక్కన పెట్టుకోండి. ఒకటి వాడుకుంటే వెంటనే ఇంకొకటి చేసి ఆ ఖాళీ నింపండి.

ఎక్కడి నుంచి వినిపించాలి

ఆకాశవాణికి మన వైపు బరంపురంలోనూ జయపురంలోనూ కేంద్రాలున్నాయి. వాళ్ల పట్టిక ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లకి సామాజిక రేడియో దగ్గర దారి. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకీ ఈ లైసెన్సులు ఇస్తున్నారు. 50 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్, 30 మీటర్లకు మించని యాంటెన్నా, పది పదిహేను కిలోమీటర్ల మేర వినపడటం, ఇదీ దాని స్వరూపం. జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియో గురించి తెలిసినవాళ్లకి, ఈ చిన్న యంత్రంతో ఎంత పని చేయొచ్చో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ స్టేషన్లకి ఒక నియమం ఉంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారవ్వాలి. అమెరికా పాటలు వేస్తానంటే నిర్వాహకులు మొహమాటపడేది ఇక్కడే. కాబట్టి వట్టి చేతులతో వెళ్లకండి. ఇరవై నిమిషాల నమూనా రికార్డింగు, మొదటి నాలుగు వారాల అంశాలు రాసిన ఒక పేజీ పట్టుకెళ్లండి. మాట మనది, మాట్లాడే మనిషి ఈ ఊరి మనిషి, శ్రోతల గొంతులు కూడా వినిపిస్తాం అని ఆ పేజీలో స్పష్టంగా రాయండి.

మన దగ్గర కొండలు ఎక్కువ. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపులాగే నేరుగా పోతుంది, కొండ అడ్డొస్తే అవతల వినపడదు. ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెకి అందకపోవచ్చు, పన్నెండు కిలోమీటర్ల దూరంలో మిట్ట మీదున్న ఊరికి శుభ్రంగా అందొచ్చు. ఒక సాయంత్రం బండి మీద చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ఎక్కడ పడుతోందో మీరే విని రాసుకోండి. ప్రసారంలో ఊళ్ల పేర్లు పలికేటప్పుడు ఆ జాబితా అక్కరకొస్తుంది.

స్టేషన్ దొరక్కపోతే ఇంటర్నెట్ రేడియో ఉంది. దానిలో ఒక అదనపు లాభం కూడా ఉంది. గంజాం నుంచి సూరత్ మరమగ్గాల దగ్గరికి, మన పల్లెల నుంచి చెన్నై, విశాఖల్లో కట్టడాల పనికి వెళ్లినవాళ్లు ఫోన్లో వినగలరు. బ్లూస్ పాటల్లో సగం అలా ఊరొదిలినవాళ్లవే కదా.

హక్కుల సంగతి ముందే తేల్చుకోండి

మన కాపీరైటు చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలుకుని 60 ఏళ్లు. రాసినవాళ్ల హక్కు, వాళ్లు పోయిన తర్వాత 60 ఏళ్లు. ఈ రెండు లెక్కలూ దాటిన పాటలైతే మీకు చిక్కు లేదు. బ్లైండ్ లెమన్ జెఫర్సన్ 1929లో పోయాడు, చార్లీ ప్యాటన్ 1934లో, బెస్సీ స్మిత్ 1937లో, రాబర్ట్ జాన్సన్ 1938లో. వీళ్లు సొంతంగా కట్టి, అప్పట్లోనే రికార్డులుగా వెలువడిన పాటలతో మొదటి ఏడాది హాయిగా గడిచిపోతుంది. అయితే అవే పాటల్ని ఈమధ్య మెరుగులు దిద్ది విడుదల చేసిన ప్రతులుంటాయి. వాటికి వేరే హక్కులు అడిగే అవకాశం ఉంది కాబట్టి నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 ఆర్‌పీఎం రికార్డు నుంచి నేరుగా ఎక్కించినవి వెతకండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అలాంటివి బోలెడు. తేదీలు సరిచూసుకోడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖవారి డిస్కోగ్రఫీని (రికార్డుల వివరాల పట్టికని) నమ్మొచ్చు.

ఆ తర్వాతి కాలం పాటలు వేయాలంటే స్టేషన్ రుసుము కట్టాలి. పాటలు రాసినవాళ్ల, కట్టినవాళ్ల తరఫున రుసుము వసూలు చేసే ఐపీఆర్ఎస్‌కి, రికార్డుల హక్కుదారులకి కడుతున్నారో లేదో నిర్వాహకుల్ని అడిగి తెలుసుకోండి. నిర్ణీత రుసుము కట్టి పాటలు వేసుకునే వెసులుబాటు రేడియోకి చట్టంలో 31డి సెక్షన్ కింద ఉంది. ఆన్‌లైన్ స్ట్రీమింగ్‌కి అది వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. అందుకని ఫోన్లో వినిపించే కార్యక్రమానికి హక్కులు తీరిపోయిన పాత పాటలకే కట్టుబడండి.

గంటలో ఎన్ని పాటలు

గంట కార్యక్రమం అన్నా స్టేషన్ పేరు, ప్రకటనలు పోగా మీ చేతికొచ్చేది 54 నిమిషాలు అనుకోండి. పాత పది అంగుళాల రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది, కాబట్టి అప్పటి పాటలన్నీ ఆ కొలతకి కోసినట్టుంటాయి. పన్నెండు పాటలు వేస్తే 36 నుంచి 38 నిమిషాలు. మిగిలిన పదహారులో శ్రోతల గొంతులకి నాలుగు, మీకు పన్నెండు. అంటే పాటకి నిమిషం. ఆ నిమిషం కూడా అన్ని పాటలకీ సమానంగా పంచకండి. మూడు పాటలకి నిమిషంన్నర చొప్పున చెప్పి, మిగతావాటికి పేరూ సంవత్సరమూ చెప్పి వదిలేస్తే కార్యక్రమం నడక బాగుంటుంది.

ప్రతి వారానికీ ఒక విషయం పెట్టుకోండి. మొదటి నాలుగు వారాలకి నేనైతే ఇలా వేస్తాను.

మొదటి వారం రైళ్లు. డబ్ల్యూ.సి. హ్యాండీ అనే బ్యాండు మాస్టరు 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలోని టట్‌వైలర్ స్టేషన్‌లో రైలు కోసం కాచుకుని కూర్చుంటే, పక్కన ఒక మనిషి గిటారు తీగల మీద కత్తి జారుస్తూ రెండు రైలుమార్గాలు కలిసే చోటుని గురించి పాడటం విన్నాడు. దాన్ని తర్వాత ఆయనే రాసుకున్నాడు. ఈ కథ చెప్పి, డీఫోర్డ్ బెయిలీ 1927లో రికార్డు చేసిన ‘పాన్ అమెరికన్ బ్లూస్’ వేయండి. ఒక్క హార్మోనికాతో రైలు స్టేషన్ దాటి వేగం పుంజుకోవడం మొత్తం వినిపిస్తాడు. మాటలుండవు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడా చిన్నరైలు ఎక్కిన పెద్దవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. ఆ కూత, ఆ దడదడ వాళ్లకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

రెండో వారం వరదలు. 1927లో మిసిసిపీ నది కట్టలు తెంచుకుని లక్షలమందిని నిలువ నీడ లేకుండా చేసింది. చార్లీ ప్యాటన్ 1929లో రికార్డు రెండు వైపులా పట్టేట్టు ‘హై వాటర్ ఎవ్రీవేర్’ పాడాడు. ఒక్కో ఊరి పేరే చెప్పుకుంటూ పోతాడు, నీళ్లు ఎక్కడికొచ్చాయో, ఇక తను ఎటు పోవాలో. ఇక్కడ వ్యాఖ్యాతలు తరచు పొరబడే చోటొకటి ఉంది. బెస్సీ స్మిత్ ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ కూడా ఆ వరద గురించే అనేస్తారు. ఆమె దాన్ని రికార్డు చేసింది ఫిబ్రవరిలో, పెద్ద వరద వచ్చింది ఏప్రిల్‌లో. ఇలాంటివి సరిగ్గా చెబితే శ్రోత మిమ్మల్ని నమ్ముతాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వంశధార పొంగినప్పుడు ఇల్లొదిలినవాళ్లు మీ శ్రోతల్లో ఉంటారు. తిత్లీ పేరు ఒక్కసారి తలచుకుని ఊరుకోండి. వాళ్ల బాధని పాటకి తాళ్లతో కట్టొద్దు, వాళ్లే కలుపుకుంటారు.

మూడో వారం ఆడవాళ్లు. బ్లూస్ అంటే గిటారు పట్టుకున్న మగవాడి బొమ్మే కనపడుతుంది గాని, రికార్డుల మీద ముందు వినపడిన గొంతులు ఆడవాళ్లవి. 1920 ఆగస్టు 10న మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ విపరీతంగా అమ్ముడయ్యాకే కంపెనీలు నల్లజాతి గాయకుల్ని వెతుక్కుంటూ బయల్దేరాయి. ‘మా’ రేనీ అనే గాయని, బెస్సీ స్మిత్ ఆ దారిలో వచ్చినవాళ్లే. మెంఫిస్ మిన్నీ గిటారు కూడా తనే వాయించేది, మగవాళ్లకి ఏమాత్రం తీసిపోకుండా.

నాలుగో వారం ఊరి నుంచి షికాగోకి. దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకి ఆఫ్రికన్ అమెరికన్లు 1910ల నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షలమంది వెళ్లారు. మడీ వాటర్స్ 1943లో వెళ్లాడు. అంతకు రెండేళ్ల ముందు, 1941లో, ఆయన ఇంకా మిసిసిపీలో ట్రాక్టరు తోలుతున్నప్పుడు ఆలన్ లోమాక్స్ అమెరికా జాతీయ గ్రంథాలయం కోసం ఆయన పాట రికార్డు చేశాడు. ఆ ఒంటరి గిటారు పాట ఒకటి, షికాగో వెళ్లాక కరెంటు గిటారుతో పాడినది ఒకటి, వెనకాముందూ వేయండి. సారాకొట్ల గోలలో వినపడాలంటే గిటారుకి కరెంటు కావాల్సొచ్చింది, అంతే చెప్పండి. ఇవి కొంచెం కొత్త రికార్డులు, మడీ పోయింది 1983లో. కాబట్టి ఈ వారానికి స్టేషన్ రుసుము కట్టి ఉండాలి. డీఫోర్డ్ బెయిలీ, మెంఫిస్ మిన్నీ పాటలకీ, ‘క్రేజీ బ్లూస్’కీ రాసినవాళ్ల హక్కు ఇంకా తీరలేదు, వాటికీ అదే లెక్క.

తర్వాత తర్వాత మన దేశం వైపూ రండి. విశ్వమోహన్ భట్ మోహనవీణ, అమెరికా గిటారిస్టు రై కూడర్ గిటారు కలిసి చేయగా 1993లో విడుదలైన ఆల్బమ్‌కి మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. షిల్లాంగ్ బృందం సోల్‌మేట్ 2003 నుంచి బ్లూస్ పాడుతోంది. కొత్తవాటికి అనుమతి తీసుకునే వేయండి. అడిగితే కళాకారులు చాలాసార్లు సంతోషంగా ఇస్తారు.

తాళం వేయించండి

మొదటి నెలలో ఒక ఐదు నిమిషాలు దీనికే కేటాయించండి. సంగీతం నేర్చుకోనివాళ్లు కూడా బ్లూస్ ఆకారాన్ని వేళ్ల మీద పట్టేలా చేసే ఉపాయం ఇది.

మామూలు బ్లూస్ చరణం 12 బార్లు, అంటే సమానమైన 12 కాలపు ముక్కలు, బారుకి 4 దెబ్బలు, మొత్తం 48. మన ఆదితాళం ఆవర్తనానికి 8. అంటే సరిగ్గా ఆరు ఆవర్తనాల్లో ఒక చరణం తిరుగుతుంది. శ్రోతని చేయి వేసి లెక్కపెట్టమనండి. మొదటి రెండు ఆవర్తనాల్లో ఒక పంక్తి. తర్వాతి రెండింటిలో అదే పంక్తి మళ్లీ. ఆఖరి రెండింటిలో దానికి జవాబు. పంక్తి పాడటం సగంలోనే అయిపోతుంది, మిగతా చోటు గిటారుది. గొంతు అడిగినదానికి గిటారు బదులు చెబుతుంది. మన బుర్రకథలో వంతలు అందుకుంటారే, ఆ చోటన్నమాట.

కింద స్వరం కూడా ఒక పద్ధతిలో మారుతుంది. మొదటి రెండు ఆవర్తనాలూ షడ్జమం మీద. మూడోది మధ్యమం మీదకి వెళ్తుంది, నాలుగోది షడ్జమానికి తిరిగొస్తుంది. ఐదో ఆవర్తనంలో మొదటి సగం పంచమం, రెండో సగం మధ్యమం. ఆరోది మళ్లీ షడ్జమం. పాటపాటకీ చిన్న తేడాలుంటాయి, ప్యాటన్ లాంటి పాతకాపులు బార్లు తగ్గించీ పెంచీ పాడతారు. కాబట్టి ఈ పాఠానికి 1940ల తర్వాతి బ్యాండు పాట అయితే లెక్క తప్పదు. నడక తిశ్రం. ఒక్కో దెబ్బలో తకిట వినపడుతుంది, మధ్య అక్షరం మింగేసినట్టు.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు మీ శ్రోతల్లో ఉంటే శుద్ధధన్యాసి ఆరోహణ పాడి వినిపించండి: స గ మ ప ని స. బ్లూస్ గాయకులు ఎక్కువగా తిరిగే స్వరాలు అవే. తేడా అంతా గాంధారంలో ఉంది. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో నిలబడి వణుకుతుంది. పియానో మీద ఆ చోటుకి మెట్టు లేదు. గిటారు తీగని లాగో, సీసా మెడతో జార్చో అక్కడికి చేరతారు. గోటువాద్యం విన్న చెవికి ఆ జారు కొత్తేమీ కాదు.

పంక్తుల పద్ధతి చెప్పడానికి మీరే మన మాటల్లో ఒక చరణం కట్టి చదవండి. నేను చెప్పేటప్పుడు ఇలాంటిది వాడతాను:

వాన రాక పోయె పంట, ఇంక ఊళ్లో ఏముంది
వాన రాక పోయె పంట, ఇంక ఊళ్లో ఏముందమ్మా
సూరతు బండి కూత వింటే, సంచి తనే సర్దుకుంది

రెండోసారి అదే పంక్తి వచ్చినప్పుడు వినేవాళ్లు జవాబు కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు ఒకసారి రుచి తెలిస్తే, మాటలు అర్థం కాని పాటలో కూడా మూడో పంక్తి కోసం చెవి కాచుకుంటుంది. సూరత్ వెళ్లే పూరీ–అహ్మదాబాద్ ఎక్స్‌ప్రెస్ బరంపురం మీదుగా, రాయగడ మీదుగా పోతుంది గనక ఆ మూడో పంక్తి మన వైపు ఎవరికైనా తగులుతుంది.

పాట ముందు మాట

మొట్టమొదటి కార్యక్రమం మాటల్లేని పాటతో మొదలుపెట్టమని నా సలహా. అప్పుడు భాష రాదన్న జంకు మొదటి మూడు నిమిషాల్లోనే పోతుంది. దానికి ముందు చెప్పే మాట ఇలా ఉండొచ్చు:

‘భోజనాలయ్యాయా? ఇది 1927 డిసెంబరులో డాలస్‌లో రికార్డు చేసిన పాట. పాడినాయన బ్లైండ్ విల్లీ జాన్సన్, చూపు లేదు, వీధుల్లో నిలబడి దేవుడి పాటలు పాడేవాడు. పేరు ‘డార్క్ వాజ్ ద నైట్’. ఇందులో ఒక్క మాట కూడా ఉండదు, కూనిరాగమే. గొంతు ఎక్కడ ఆగిందో, గిటారు ఎక్కడ అందుకుందో చూడండి. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో భూమి గుర్తుగా బంగారు పూత రికార్డు పంపారు, అందులో ఈ పాట కూడా ఉంది.’

అర నిమిషం పట్టింది. ఎప్పుడు, ఎవరు, దేన్ని పట్టుకుని వినాలి, ఎందుకు గుర్తుంచుకోవాలి, అంతవరకే. ఆయన బాల్యం, పెళ్లిళ్లు, ఏ కంపెనీ, ఎన్ని రికార్డులు అన్నీ మీ కాగితంలో ఉంటాయి, ఉండనివ్వండి. మరో ఆదివారానికి పనికొస్తాయి. పాట అయ్యాక వెంటనే మాట అందుకోకండి. మూడు క్షణాలు ఆగి, పాట పేరూ పాడినవాళ్ల పేరూ నిదానంగా మళ్లీ చెప్పండి. విన్నాక నచ్చితేనే గదా పేరు రాసుకుంటారు.

భాష ఇంట్లో మాట్లాడేదే కావాలి. వాడుక భాషకి బళ్లో, పుస్తకంలో చోటివ్వాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాటం మొదలుపెట్టింది పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న రోజుల్లోనే. ఆయన తిరిగిన నేల మీద కూర్చుని ‘సంగీతప్రియులైన శ్రోతలకు హార్దిక స్వాగతం’ అనడం నాకు మనస్కరించదు. మన తెలుగులో ఒడియా మాటలు దొర్లుతాయి, దొర్లనివ్వండి. ఆంధ్రా వైపు రేడియోలో వినపడే యాస తెచ్చిపెట్టుకోవద్దు. ఒడియా మాత్రమే వచ్చిన ఇరుగుపొరుగు వింటుంటే పాట పేరు దగ్గర ఒక వాక్యం ఒడియాలో కూడా చెప్పండి.

పాటల వెనకున్న చరిత్ర చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. అమెరికా దక్షిణాదిలో పాలికి సాగు చేసినవాడికి సగం పంట, ఏడాది చివర లెక్క చూస్తే కొట్టు బాకీ కింద అదీ పోవడం, బాకీ తీరేదాకా ఊరు కదలనివ్వకపోవడం, రంగుని బట్టి రైలు పెట్టె వేరు, బడి వేరు, చెట్టుకి ఉరితీతలు. ఇవన్నీ జరిగినవి, మెత్తబరచకుండా చెప్పండి. కొరాపుట్ కొండల్లో గోతి పేరుతో అప్పుకి మనిషిని కట్టేసిన పద్ధతి ఎరిగినవాళ్లకి అందులో తెలిసిన సంగతులు కనపడతాయి. అయినా ‘వాళ్ల కష్టం మన కష్టం ఒకటే’ అని మీరు తీర్పు చెప్పకండి. రెండింటి పుట్టుకా వేరు, పోల్చుకునే హక్కు వినేవాళ్లది.

రాబర్ట్ జాన్సన్ నాలుగు దారుల కూడలిలో దయ్యానికి ఆత్మ అమ్ముకుని గిటారు నేర్చుకున్నాడన్న కథ ఎవరో ఒకరు పంపిస్తారు. చెప్పండి, కథ అని చెప్పి మరీ చెప్పండి. ఆయన ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టు దగ్గర కూర్చుని సాధన చేశాడు. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో మొత్తం 29 పాటలు రికార్డు చేసి, మరుసటి ఏడాది 27 ఏళ్లకే పోయాడు. దయ్యం కంటే ఆ సాధనే నాకు గొప్పగా అనిపిస్తుంది, కుర్రాళ్లకి చెప్పదగ్గదీ అదే.

వేయబోయే ప్రతి పాట సాహిత్యం పూర్తిగా చదవండి. పాత బ్లూస్‌లో రెండర్థాల మాటలు చాలా ఉంటాయి, అవి ఇబ్బంది లేదు. పెళ్లాన్ని కొడతా, చంపుతా అని గొప్పగా పాడేవి ఉంటాయి. ఇంటిల్లిపాదీ వినే వేళలో నేను వాటిని వేయను, మీరూ వేయొద్దనే అంటాను.

గది, మైకు

ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. పరుపులు, బట్టల బీరువా ఉన్న చిన్న గది చూసుకోండి. తలుపుకి బొంత వేలాడదీస్తే చప్పట్లు కొట్టినప్పుడు గోడల మోత తగ్గుతుంది. మోత తగ్గిందంటే గది పనికొస్తుంది. ఫ్యాను ఆపండి. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మైకులోకి సన్నటి జుమ్మనే మోత వస్తుంది, కాబట్టి కరెంటు ఉన్నప్పుడే రికార్డు చేయండి, లేదా ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి.

మైకు నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి ఉండాలి. అప్పుడు ప, బ, ఫ పలికినప్పుడు గాలి నేరుగా కొట్టదు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మీ గొంతు ఎంత పైకెళ్లినా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. పాత రికార్డులు తక్కువ శబ్దంతో ఉంటాయి, వాటిని మీ గొంతు స్థాయికి పెంచండి. ఆ చిటపటల్ని తీసేయాలన్న కోరిక పుడుతుంది. ఎక్కువ తీస్తే గొంతులోని జీర, గిటారు తీగ మీద గోటి చప్పుడు కూడా పోయి నీళ్లలోంచి విన్నట్టుంటుంది. చెవిలో గుచ్చుకునే పెద్ద టిక్కులు మాత్రం తీసి మిగతాది వదిలేయండి. ‘నూరేళ్ల నాటి రికార్డు, కొంచెం చిటపట ఉంటుంది’ అని ఒకసారి చెబితే ఎవరూ అడగరు.

ప్రత్యక్ష ప్రసారమైతే పాటల వరుస, ఒక్కోదాని నిడివి, ఆఖరి శబ్దం ఎలా ఉంటుందో (ఠక్కున ఆగుతుందా, మెల్లగా మాయమవుతుందా) ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. వేరే పెన్‌డ్రైవ్‌లో అవే పాటలు ఉండాలి.

శ్రోతల గొంతు

వాట్సాప్ నంబరు ఒకటి ఈ పనికే పెట్టండి. రాసిన సందేశాలకంటే గొంతు సందేశాలు అడగండి. ‘ఏ పాట నచ్చింది’ అని అడిగితే ‘అన్నీ బాగున్నాయి’ అంటారు. ‘మీ ఇంట్లో పని చేసుకుంటూ పాడే పాట ఉందా? ఒక్క పంక్తి పాడి పంపండి’ అనండి. నాట్ల పాటలు, తిరగలి పాటలు, సవర పల్లెల పాటలు వస్తాయి. పంపినవాళ్లని అడిగి, సరేనన్నాకే వినిపించండి, పేరు చెప్పొచ్చో లేదో కూడా అడగండి. పెద్దావిడ పంపితే ‘అమ్మా’ అనో ‘అప్పా’ అనో పలకరించి, ఊరి పేరు చెప్పి, పాట వేసి ఊరుకోండి. దాని తర్వాత ఏ బ్లూస్ పాట రావాలో ఆలోచించడంలోనే మీ వారమంతా గడవాలి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

‘మొన్న రైలు పాట ఒకటి వేశారు, అదేంటి?’ అని ఆరు నెలల తర్వాత కూడా ఎవరో అడుగుతారు. అందుకని ప్రతి వారం ఒక నోటు పుస్తకంలో తేదీ, వరుస, పాట పేరు, పాడినవాళ్లు, రికార్డయిన సంవత్సరం, ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో రాయండి. హక్కుల లెక్క అడిగితే స్టేషన్‌కి చూపించేదీ ఆ పుస్తకమే. దసరాకి, సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లు ఊళ్లకి వస్తారు. ఆ వారాలకి రెండు వారాల ముందే పుస్తకం తిరగేసి, ఎక్కువమంది అడిగిన పాటలు ఏరి కార్యక్రమం కట్టి ఉంచండి.